ఆవిష్కరణకు హద్దురాళ్ళు

(తొగుటలో గ్రామ పంచాయతీ సభ్యుల ఎదుట చేసిన ప్రసంగ పాఠము)



బాటలు, మురుగు కాలువలు, వీధి దీపములు, త్రాగునీరు మొదలగునవి పంచాయతీ సమావేశములలో ఎల్లప్పుడును చర్చకు వచ్చు విషయములు. నేడు మేము వానికి భిన్నమైన విషయము నొకదానిని మీ ముందుంచుచున్నాము. అది పేటెంటు. ఈ మాట వినగానే ఇది పట్టణములలోని కంపెనీలకును, వకీళ్ళకును సంబంధించినదని మనకు తోచుట సహజము. కాని నేడు మన గ్రామముల నుండి ఎందరో యువతీ యువకులు ఇంజనీరింగు కళాశాలలకు, పాలిటెక్నిక్కులకు వెళ్ళి చదువుకొనుచున్నారు. వారు తమ తెలివితో చేసిన పనిముటు రేపు ఎవరి సొత్తు కావలె నను ప్రశ్న మన వాకిటికే వచ్చినది. అంతకంటె ముఖ్యమైనది వేరొకటి గలదు. తరతరములుగా మన అందరికి తెలిసిన దానిని ఎవరో ఒకరు తమ సొంతమని వ్రాయించుకొనకుండ అడ్డుకొనునది గూడ పేటెంటు పరీక్షయే. కావున ఈ పరీక్ష ఎట్లు జరుగునో గ్రామ పెద్దలు తెలిసికొనుట అవసరము.

పేటెంటు ఒక విధమగు పట్టా

పట్టా, సర్వే, హద్దులు, ఆక్షేపణలు అను మాటలు తొగుట మండల వాసులకు క్రొత్తవి కావు. తొగుట, కొండపాక మండలముల భూములలో నిర్మింపబడిన మల్లన్న సాగర్ జలాశయము 2022 ఫిబ్రవరిలో ప్రారంభమైనది. దాని నిలువ సామర్థ్యము 50 టి.ఎం.సి.లు. వేములఘాట్ మొదలగు గ్రామముల వారు తమ ఇండ్లను, పొలములను విడిచి వెళ్ళవలసి వచ్చినది. కాగితము మీద ఒక సర్వే నంబరు, ఒక గుంట భూమి తేడా వచ్చినచో ఒక కుటుంబమునకు ఎంత నష్టమో ఈ ప్రాంతము వారికి వేరుగ చెప్పనక్కరలేదు.

పేటెంటు గూడ పట్టా వంటిదే. ఇచ్చట భూమికి బదులు ఒక క్రొత్త ఆవిష్కరణ యుండును. దానిని ఇతరులు తన అనుమతి లేక తయారు చేయకుండ, విక్రయింపకుండ ఆపు హక్కు ఆవిష్కర్తకు లభించును. కాని భూమి పట్టాకు, దీనికి రెండు ముఖ్యమైన భేదములు గలవు. మొదటిది, ఈ హక్కు దరఖాస్తు దాఖలైన దినము నుండి 20 సంవత్సరములు మాత్రమే నిలుచును. అదియును నియమిత రుసుములు చెల్లించుచున్నంత వరకే. ఆ పిమ్మట ఆ ఆవిష్కరణ అందరిదగును. రెండవది, హక్కు కోరువాడు తన వస్తువు ఎట్లు చేయవలెనో దాచక పూర్తిగ వ్రాసి ప్రభుత్వమున కీయవలెను. లోకమునకు విద్య నేర్పినందులకు ప్రతిఫలముగ కొంత కాలము ఏకైక హక్కు పొందుట అను ఒప్పందమే పేటెంటు.

మన దేశమునకు ఈ పద్ధతి క్రొత్తది కాదు. 1856లో మొదటి చట్టము వచ్చిన యేటనే కలకత్తా వాసి జార్జి ఆల్ఫ్రెడ్ డి పెన్నింగ్ పంకా లాగు యంత్రమునకు హక్కు కోరుచు దరఖాస్తు పెట్టెను. స్వాతంత్ర్యానంతరము జస్టిస్ రాజగోపాల అయ్యంగారు 1959లో సమర్పించిన నివేదిక ఆధారముగ 1970 నాటి పేటెంట్ల చట్టము రూపొంది, 1972 ఏప్రిల్ 20 నుండి అమలులోనికి వచ్చినది. 1999, 2002, 2005 సంవత్సరములలో దానికి సవరణలు జరిగినవి. నేడును మనకు ఆధారము ఆ చట్టమే.

అరచేతిలో ఇమిడెడు ఆంటెన్నా

పరీక్ష ఎట్లు జరుగునో తెలియుటకు ఒక వస్తువును ఉదాహరణముగ గైకొందము. అది ప్యాచ్ ఆంటెన్నా. ప్యాచ్ అనగా అతుకు. విద్యుత్తు ప్రవహింపని ఒక పలుచని పలక పైన చిన్న రాగి రేకు అతుకు వలె నుండును. పలక అడుగున మరియొక రాగి రేకు నిండుగ పరచబడి యుండును. నిర్మాణ మింతే. పై రేకులో విద్యుత్తు అత్యంత వేగముగ ముందు వెనుకలకు ఊగినపుడు రేకు అంచుల నుండి రేడియో తరంగములు వెలువడును. వాహనములలో దారి చూపు జి.పి.ఎస్. పరికరములందును, ఉపగ్రహములందును ఈ రకపు ఆంటెన్నాలు వాడుకలో గలవు.

దీని కొలత తరంగమును బట్టి యుండును. మన ఇండ్లలోని వైఫై వాడు ఒక తరంగము సెకనుకు సుమారు 245 కోట్ల పర్యాయములు కంపించును. దాని నిడివి గాలిలో సుమారు 12 సెంటీమీటర్లు. రేకు పొడవు తరంగములో సగముండవలెను. అయితే పలకలోనికి వచ్చునప్పటికి తరంగము కురచ యగును గనుక, మామూలు సర్క్యూటు బోర్డు మీద సుమారు 3 సెంటీమీటర్ల రేకు సరిపోవును.

ఇందొక చిక్కు గలదు. ప్యాచ్ ఆంటెన్నా డప్పు వలె ఒక్క శ్రుతికే పలుకును. వానలో తడిసిన డప్పు శ్రుతి తగ్గుట, మరల మంట వద్ద కాచి సరిచేయుట మీకు తెలిసినదే. ఈ ఆంటెన్నా మీద నీటి పొర నిలిచినను అదే విధముగ శ్రుతి దిగును. అపుడు వార్త సరిగ చేరదు. పొలములో ఆరుబయట నుంచు పరికరమునకు ఇది చిన్న చిక్కు కాదు.

ఇప్పుడు ఒక యువకుని ఊహింతము. అతడు మన గ్రామము వంటి గ్రామమున పుట్టి ఇంజనీరింగు చదివినవాడు. రాత్రివేళ తండ్రి టార్చిలైటు పట్టుకొని బోరుబావి వద్దకు పోవు కష్టమును చూచి, మోటారు నడచుచున్నదో లేదో, నీరు పడుచున్నదో లేదో ఇంటికి తెలుపు నిస్తంత్రీ పరికరము నొకదానిని చేసినాడు. వానలోను శ్రుతి తప్పని ప్యాచ్ ఆంటెన్నా దానికి అమర్చినాడు. ఆ ఆంటెన్నాకు పేటెంటు కోరుచు దరఖాస్తు పెట్టినాడనుకొందము.

దరఖాస్తు ప్రయాణము

తెలంగాణ, ఆంధ్రప్రదేశ్ వాసుల దరఖాస్తులు చెన్నైలోని పేటెంటు కార్యాలయ పరిధిలోనివి. వానిని ఇంటి నుండియే ఆన్‌లైన్ ద్వారా దాఖలు చేయవచ్చును. వ్యక్తులకు దాఖలు రుసుము 1,600 రూపాయలు. వివరణ పత్రము 30 పుటలను, క్లెయిములు పదింటిని మించినచో రుసుము పెరుగును. దరఖాస్తు సాధారణముగ 18 నెలల తరువాత పత్రికలో ప్రకటింపబడును. కాని ప్రకటన జరిగినంత మాత్రమున పరీక్ష జరుగదు. పరీక్ష చేయుడని వేరుగ కోరవలెను. వ్యక్తులకు ఆ రుసుము 4,000 రూపాయలు. 2024 మార్చి 15 నుండి దాఖలైన దరఖాస్తులకు ఈ కోరికను 31 నెలలలోపల సమర్పింపవలెను. అంతకు పూర్వము ఆ గడువు 48 నెలలుగ నుండెను. గడువు దాటినచో దరఖాస్తు విడిచిపెట్టినట్లే.

వివరణ పత్రము చివర క్లెయిములు అను వాక్యములుండును. ఇవియే హద్దుల వివరము. తూర్పు, పడమర, ఉత్తరము, దక్షిణము అని దస్తావేజులో వ్రాసినట్లు, ఇంతవరకు నాది అని ఆవిష్కర్త ఇచ్చట వ్రాయవలెను. పరీక్షకుడు ప్రధానముగ కొలుచునది ఈ హద్దులనే.

పరీక్షకుడు వేయు ప్రశ్నలు

ప్రశ్నలు ముఖ్యముగ మూడు. ఇది క్రొత్తదా? ఆ విద్య తెలిసినవానికి సులభముగ తట్టనిదా? పరిశ్రమలో చేసి వాడుటకు వీలైనదా? వీనితోపాటు చట్టములోని 3వ సెక్షను ఏవి ఆవిష్కరణలు కావో చెప్పుచున్నది. వ్యవసాయ పద్ధతులకు, తోటల పెంపక పద్ధతులకు పేటెంటు లేదు. కేవలము గణిత పద్ధతికిని, కంప్యూటరు ప్రోగ్రామునకు దానియంతట దానికిని లేదు. తెలిసిన పరికరములను ప్రక్కప్రక్కన చేర్చినంత మాత్రమునను, అవి ఎవరి పని అవి పూర్వము వలెనే చేయుచున్నచో, పేటెంటు రాదు.

మన యువకుడు నాలుగు క్లెయిములు వ్రాసినాడనుకొందము. మొదటిది: పలక మీద ఒక రాగి రేకు, అడుగున మరియొక రాగి రేకు గల ఆంటెన్నా. పరీక్షకుడు పాత పత్రములను వెదకును. ఈ ఆలోచన 1953లోనే డెషాంప్ వెలిబుచ్చినది. 1974లో మన్సన్ ప్రచురించిన పత్రములో విపులముగ గలదు. కావున ఆ హద్దు చెల్లదు. ఊరుమ్మడి భూమిని తన పొలములో కలుపుకొనుట వంటి దది.

రెండవది: ఆ రేకులో ఆంగ్ల అక్షరము యు ఆకారమున చీలిక గల ఆంటెన్నా. ఒక్క శ్రుతికి బదులు కొంత విశాలమైన శ్రేణిలో పనిచేయుట కీ చీలిక ఉపయోగపడును. దీనిని 1995లో హ్యూన్, లీ అను ఇరువురు ప్రకటించియున్నారు. ఇదియును క్రొత్తది కాదు.

మూడవది: అట్టి ఆంటెన్నాకు వాన తగులకుండ, మధ్య గాలి సందు ఉంచి పైన మూత అమర్చుట. ఈ రెండును కలిసిన వర్ణన ఏ ఒక్క పాత పత్రమునను దొరకక పోవచ్చును. అయినను చీలికయు తెలిసినదే, మూతయు తెలిసినదే. వానలో ఉంచవలసిన ఆంటెన్నాకు మూత పెట్టవలెనని ఆ విద్య తెలిసిన ఎవనికైనను తోచును గదా! కావున ఇది క్రొత్తదైనను ఆవిష్కరణ యనదగినది కాదని పరీక్షకుడు ఆక్షేపించును.

నాలుగవది: చీలిక ఉండవలసిన చోటును, మూత ఎత్తును ఒక ప్రత్యేక నిష్పత్తిలో అమర్చుట, అట్లు అమర్చినపుడు మూత మీద నీరు నిలిచినను శ్రుతి దాదాపు కదలకుండుట. ఇట్టి నిష్పత్తి పూర్వ మెవరును చెప్పనిదై, దాని ఫలితము ఊహింపరానిదై, తడి పొడి స్థితులలో తీసిన కొలతలు దానిని నిరూపించుచున్నచో, ఇచ్చట నిజమైన ఆవిష్కరణ గలదు. ఈ హద్దు నిలుచును.

చూడుడు! మొదట కోరినది పది ఎకరములైనచో తుదకు దక్కినది నాలుగు గుంటలు. కాని ఆ నాలుగు గుంటలు గట్టివి. న్యాయస్థానమునకు పోయినను నిలుచునవి. పెద్ద హద్దులు వ్రాసి పోగొట్టుకొనుటకంటె నిజముగ తనదైన దానిని గుర్తించి రాళ్ళు పాతుకొనుట మేలు.

పరీక్షకుని మొదటి నివేదిక అందిన 6 నెలలలోపల జవాబీయవలెను. కోరినచో మరి 3 నెలల వరకు గడువు దొరకును. అందులోని ఆక్షేపణలను చూచి నిరుత్సాహపడి చాలించుట తగదు. ఆక్షేపణ తిరస్కారము కాదు. క్లెయిములను కుదించి సరిదిద్దవచ్చును. కంట్రోలరు ఎదుట వాదము వినిపింపవచ్చును. అయితే ఒక్క కట్టుబాటు గలదు. మొదట దాఖలు చేసిన వివరణలో లేని క్రొత్త విషయమును తరువాత చేర్చుటకు 59వ సెక్షను అంగీకరింపదు. మన యువకుడు ఆ నిష్పత్తిని, తడి పొడి కొలతలను మొదటనే వ్రాయనిచో, అతని అసలు ఆవిష్కరణయే చేజారిపోవును.

రూపమునకు వేరు చట్టము

ఇచ్చట ఒక సందేహమును తీర్చవలసియున్నది. డిజైను అను మాటను మనము రెండు అర్థములలో వాడుచున్నాము. ఆంటెన్నా పనిచేయు విధానము పేటెంటునకు సంబంధించినది. పెట్టె ఆకారము, అందము వంటి కంటికి కనబడు రూపము 2000 సంవత్సరపు డిజైన్ల చట్టము క్రిందికి వచ్చును. ఆ రక్షణ 10 సంవత్సరములు. మరి 5 సంవత్సరములు పొడిగింపవచ్చును. మన సిద్దిపేట గొల్లభామ చీరకు లభించినది వీనికి భిన్నమైన భౌగోళిక గుర్తింపు. అది ఒక వ్యక్తిది కాదు. ఆ ప్రాంతమున ఆ నేత నేయువారందరిది. ఏ వస్తువునకు ఏ రక్షణ తగునో ముందే తెలిసికొన్నచో ధనము, కాలము వృథా కావు.

ఊరి విద్యకు కాపు

పరీక్షకుడు ఎంత శ్రద్ధగ వెదకినను కొన్ని సంగతులు కాగితములలో దొరకవు. అందుచేతనే చట్టము ప్రజలకు గూడ నోరిచ్చినది. దరఖాస్తు ప్రకటింపబడిన తరువాత, పేటెంటు మంజూరు కాకపూర్వము, ఎవరైనను 25వ సెక్షను క్రింద ఆక్షేపణ తెలుపవచ్చును. మంజూరైన ప్రకటన వెలువడిన పిమ్మట ఒక సంవత్సరములోపల సంబంధము గలవారు ఆక్షేపింపవచ్చును. ఆక్షేపణకు చెప్పదగిన కారణములలో మనకు అత్యంత ముఖ్యమైనది ఒకటి గలదు. స్థానిక సమాజములో నోటి మాటగ ఉన్న జ్ఞానము గూడ సాక్ష్యమే యని మన చట్టము చెప్పుచున్నది.

దీని విలువ పసుపు కథ వలన తెలియును. గాయమునకు పసుపు పెట్టుట మన ఇండ్లలో పసిపిల్లలకును తెలిసిన సంగతి. అయినను 1995లో అమెరికాలోని మిసిసిపీ విశ్వవిద్యాలయ వైద్య కేంద్రము వారికి గాయము మాన్పుటకు పసుపు వాడు విధానముపై పేటెంటు మంజూరైనది. విదేశములలో కాగితమునకెక్కని వాడుకను ఆనాటి అమెరికా చట్టము లెక్కింపదు. మన శాస్త్రీయ, పారిశ్రామిక పరిశోధన మండలి సంస్కృత గ్రంథములను, 1953 నాటి భారతీయ వైద్య పత్రికలోని వ్యాసమును, మరి యెన్నో లిఖిత ఆధారములను చూపి వాదింపగా, 1997లో ఆ పేటెంటు రద్దయినది. అందరికి తెలిసినది వ్రాతలో లేకపోవుట వలన ఎంత శ్రమ కలుగునో ఈ కథ చాటుచున్నది.

చేతిపనికి వచ్చిన పేటెంటు

గ్రామీణునికి పేటెంటు అందనిదని తలపవలదు. యాదాద్రి భువనగిరి జిల్లా ఆలేరు మండలములోని శారాజీపేట నివాసి చింతకింది మల్లేశము నేత కుటుంబమున జన్మించినవాడు. పోచంపల్లి చీరకు ఆసు పోయుటకు ఆయన తల్లి లక్ష్మి గంటల తరబడి చేయి ఆడించి భుజము నొప్పితో బాధపడుచుండెను. ఒక చీరకు ఐదారు గంటలు పట్టు ఆ పనిని గంటన్నరలో చేయు యంత్రమును ఆయన పలు సంవత్సరముల శ్రమతో 1999లో పూర్తి చేసి, దానికి తల్లి పేరిట లక్ష్మీ ఆసు యంత్రమని పేరు పెట్టెను. 2011లో దానికి పేటెంటు లభించినది. 2017లో ప్రభుత్వము ఆయనను పద్మశ్రీతో గౌరవించినది. ఇందలి సూక్ష్మమును గమనింపుడు. ఆసు పోయు విద్య నేతగాండ్ర అందరి సొత్తు. అది నేటికిని అందరిదే. ఆయనకు దక్కినది తాను క్రొత్తగ కల్పించిన యంత్రము మీది హక్కు. హద్దు సరిగ నిర్ణయమైనపుడు వ్యక్తికిని న్యాయము, ఊరికిని న్యాయము.

పంచాయతీ చేయదగినవి

ఈ విషయమున పంచాయతీ చేయదగిన పనులు కొన్ని గలవు. వానికి ఖర్చు స్వల్పము.

మొదటిది, చూపుటకు ముందు దాఖలు అను మాటను యువకులకు నేర్పుట. రాష్ట్రములో 2019లో ఆరంభమైన ఇంటింటా ఇన్నోవేటర్ వంటి కార్యక్రమములు గ్రామీణ ఆవిష్కర్తలను వెలుగులోనికి తెచ్చుట సంతోషకరము. కాని దరఖాస్తు పెట్టకముందే పరికరమును విప్పి జనులకు చూపినను, పత్రికకు చెప్పినను, అది క్రొత్తది కాదని రేపు ఆక్షేపణ రావచ్చును. కేంద్ర ప్రభుత్వము గెజెటులో ప్రకటించిన ప్రదర్శనలకు 12 నెలల మినహాయింపు గలదు, అన్నిటికిని లేదు. కావున ప్రదర్శనకు ముందే తాత్కాలిక వివరణతో దరఖాస్తు పెట్టుట క్షేమము. దాని తరువాత సంపూర్ణ వివరణ ఇచ్చుటకు 12 నెలల వ్యవధి యుండును.

రెండవది, మోసము నుండి కాపాడుట. దరఖాస్తు సంఖ్య వచ్చినను, పత్రికలో ప్రకటన వచ్చినను పేటెంటు వచ్చినట్లు కాదు. ఆ కాగితమునే పేటెంటని చూపి ధనము గుంజువారుందురు. పరీక్ష ముగిసి మంజూరైన తరువాతనే హక్కు అమలు చేయుటకు వీలగును. పేటెంటు లేనిదే ఉన్నదని చెప్పి వస్తువును విక్రయించువారికి చట్టము 10 లక్షల రూపాయల వరకు జరిమానా విధించుచున్నది.

మూడవది, ఊరి విద్యను వ్రాసి యుంచుట. మీ గ్రామములో కమ్మరి, వడ్రంగి, నేతగాడు, రైతు చిరకాలముగ వాడుచున్న పనిముట్లను, మందు మొక్కల వాడుకను తేదీతో, బొమ్మతో ఒక పుస్తకమున వ్రాయించి పంచాయతీలో భద్రపరచుడు. పదిమందికి తెలిసినదని ఆ వ్రాత రేపు సాక్ష్యము చెప్పును. అయితే ఒక యువకుడు క్రొత్తగ కల్పించి ఇంకను దరఖాస్తు పెట్టని దానిని ఆ పుస్తకమున కెక్కింపవలదు. అది అతని రహస్యము.

నాలుగవది, సహాయము చేయు చోటు చూపుట. నేషనల్ ఇన్నోవేషన్ ఫౌండేషన్, హైదరాబాదులోని పల్లె సృజన వంటి సంస్థలు గ్రామీణ ఆవిష్కర్తలకు తోడ్పడుచున్నవి. దారి తెలియని యువకుని అచ్చటికి పంపుటయు ఒక సేవయే.

సభ్యులారా! పొలము గట్టు తగాదా మీ ముందుకు వచ్చినపుడు మీరు ఇరువైపుల వారిని విందురు, పాత కాగితములు చూతురు, ఊరి పెద్దలను అడుగుదురు, ఆ తరువాతనే రాయి పాతింతురు. పేటెంటు పరీక్షయందును ఉన్న న్యాయ మిదియే. కష్టపడి క్రొత్తది కనిపెట్టినవాని ఫలమును ఇతరులు దోచుకొనరాదు. అందరి సొత్తును ఒకడు ఆక్రమింపరాదు. ఈ రెంటిని కాచుటకు రాజధాని కార్యాలయములు మాత్రమే చాలవు. ఊరిలో ఏది పాతదో, ఏది క్రొత్తదో ఎరిగిన మీరు గూడ మేలుకొని యుండవలెను. మీ మీ గ్రామములలో రాబోవు గ్రామసభనాడు ఈ విషయమును పదిమంది చెవిని వేయవలసినదిగ కోరుచు ముగించుచున్నాము.